యాకమ్మ ఊడ్చే తోట

మట్టికోట దాటి, తోరణాలకు వెన్ను చూపి
ఎడమ సందులోకి మళ్ళితే
టికెట్ అడిగేవాడు లేని తోట ఒకటుంది.
"అక్కడేముంటది సార్, గోరీలు తప్ప" అని
ఆటో అతను చిల్లరిచ్చి వెళ్ళిపోయాడు.

మంగళవారం. మూడు దాటింది.
రాళ్ళు ఇంకా మధ్యాహ్నాన్ని వదల్లేదు.
గన్నేరు పొదల వెంట తల లేని నంది,
ఎవరో తెచ్చి నిలబెట్టి మర్చిపోయిన స్తంభం ముక్క,
దాని మీద తెల్లరంగుతో అంకె: నూట పదిహేడు.
పక్క రాతి మీద హంసల వరుస.
ఒక హంసకు ముక్కు లేదు.
మిగిలిన వాటికంటే అదే తొందరలో ఉన్నట్టుంది.

గోరీలు నాలుగు.
మూడు పెద్దవి, ఒకటి మోకాలెత్తు.
సున్నం పెచ్చులూడిన చోట ఇటుక
ఎర్రగా, చిగుళ్ళలా.
పేరు కోసం వెతికాను.
పాతికేళ్ళు బడిలో చరిత్ర చెప్పి మొన్న జూన్‌లో దిగిపోయినవాణ్ణి,
సంవత్సరం లేని చావు నాకు మింగుడు పడదు.
తలాపున, కాళ్ళ వైపున, చేత్తో తడిమి చూశాను.
దొరికిన రాత ఒక్కటే, తుప్పు పట్టిన బోర్డు మీద:
పాడుచేసిన వారికి జరిమానా.
ఎంతో, ఆ అంకె కూడా రాలిపోయింది.
లోపలున్నవాళ్ళ గురించి ఒక్క మాట లేదు.
మన గురించే, అదీ బెదిరింపు.
పెద్ద గోరీ మీద మాత్రం మొగిలి అనే ఎవరో
మేకుతో తన పేరు గీకిపోయాడు.
ఇప్పటికి దానికున్న పేరు అదే.

చీపురు చప్పుడు.
నారింజ రంగు కోటు తొడిగిన మనిషి
వేపాకు పోగుచేసుకుంటూ వచ్చి
చిన్న గోరీ నీడలోంచి టిఫిన్ డబ్బా తీసింది.
ఇదెవరిదమ్మా అన్నాను.
"పిల్లది."
ఎవరి పిల్ల?
"గదెవరికెరుక? పొట్టిగున్నది గద, పిల్లదే.
నీడ మంచిగిస్తది. పెద్దోళ్ళ కాడ చీమలెక్కువ."

ఆధారం అడగబోయి, పేరడిగాను.
యాకమ్మ అంది.
"మా అవ్వకు ముగ్గురు పోయినంక
అన్నారం పోయి యాకూబ్ బాబాకు మొక్కితే నేను నిలిచిన్నట.
నాకు పేరిచ్చినాయన గూడ గోరీలనే ఉన్నడు సారూ,
నాకేం భయం?"
పచ్చిపులుసు ముద్ద నోట పెట్టుకుంది.
మెతుకొకటి జారి గోరీ అంచున పడింది.
తీయలేదు.

నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను.
నాలుగు గోరీలు, నిర్మాణం, అని రాసి
శతాబ్దం దగ్గర పెన్ను ఆపాను.
ముగ్గురు పోయారందే,
ఆ ముగ్గురికీ పేర్లు పెట్టారో లేదో
నేనడగలేదు.

ఎండ దిగింది.
పైపులో నీళ్ళొచ్చాయి, ముందు దగ్గుతూ, తర్వాత సన్నగా.
ఆమె మళ్ళీ చీపురు పట్టింది.
హంసల ముందు,
నూట పదిహేడు చుట్టూ,
మొగిలి పేరు కింద,
పిల్ల చుట్టూ రెండుసార్లు,
ఆకు లేకపోయినా.

నేను కూర్చున్న గట్టు దాకా వచ్చి
చీపురు మొదలు నేలకు తట్టి
"కాళ్ళు లేపుండ్రి సారూ" అంది.

లేపాను.
నా కిందనుంచి కూడా ఏదో పోగయి వెళ్ళింది:
వేపపూత, బస్సు టికెట్ ముక్క,
కాస్త దుమ్ము.