రెండున్నర సెంట్ల త్రికోణం

నరసాపురం కాలవ వంకర తిరిగిన చోట
నా స్కేలు ఆగిపోయింది.
వరిచేనుని కాగితం మీద ప్లాట్లుగా కోస్తున్నాను,
తూర్పు ముఖాలు ఇరవై రెండు, ఉత్తరం పద్దెనిమిది,
చివర మిగిలింది
సమోసా ముక్కలాంటి రెండున్నర సెంట్లు.

చిట్టిరాజుగారు మొహం చిట్లించారు.
"మూడు మూలల స్థలం ఎవడు కొంటాడయ్యా, వాస్తొప్పుకోదు.
పార్కని రాసెయ్, అప్రూవల్‌కి పనికొస్తాది."
ఆకుపచ్చ పెన్సిలు తీసి నాలుగు చెట్లు గీశాను,
చెట్టుకో గుండ్రం.
పదమూడేళ్ళయింది,
ఆ గుండ్రాల్లో ఒక్కటీ మొలవలేదు.

ముందు కంకర పోశారక్కడ. తర్వాత ఇటిక ముక్కలు.
ఆ తర్వాత, ఎప్పుడో నాకు సరిగ్గా తెలీదు,
కాలవ పూడిక తీసినవాళ్ళు వదిలేసిన సిమెంటు తూములు రెండు,
గాలివానకి కూలిన కొబ్బరిమాను ఒకటి.
బెంచీలని ఎవరూ అనుకోలేదు.
కూర్చున్నారు, అంతే.

నేనూ అక్కడే ముప్పై ఒకటో నంబరు కొన్నాను,
ఫీజు కింద తగ్గించి ఇచ్చారు.
గోడకీ గోడకీ మధ్య మూడడుగులు వదిలింది నేనే కాబట్టి
పక్కింటి తాలింపుకి నా దగ్గు.
మా ఆవిడ పోయిన ఏడు
టీవీ కట్టేస్తే ఇంట్లో ఫ్రిజ్జు ఒక్కటే మాట్లాడేది.
బీపీ బిళ్ళ వేసుకున్నానో రెండుసార్లు వేసుకున్నానో
సాక్ష్యం లేదు.

ఓ రాత్రి కరెంటు పోయింది. ఉక్క.
చొక్కా లేకుండానే బయటికొచ్చేశాను.
ఆడవాళ్ళు ఫోను వెలుగులో లేసు అల్లుతున్నారు.
రొయ్యల చెరువు డ్యూటీ దిగిన ఏసుపాదం
తూము మీద కాళ్ళు చాపి కూనిరాగం తీస్తున్నాడు.
పిల్లల తగువు తీర్చడానికొచ్చిన మీరాబీ, సూర్యకాంతం
వాళ్ళే తగువు పడుతున్నారు,
పిల్లలు ఎప్పుడో పారిపోయారు.
"నిలబడిపోయారేంటండీ, జరుగుతాం, కూర్చోండి."
జరిగారు.
జానెడు.
నా డ్రాయింగుల్లో అంత చోటు
ఎవరికీ ఊరికే ఇచ్చిన గుర్తు లేదు.

అప్పట్నించి వెళ్తున్నాను. వెళ్ళని రోజు
తలుపు మీద మీరాబీ వేళ్ళ చప్పుడు:
"బిళ్ళ వేసుకున్నారా, లేదా?"
విసుక్కుంటాను. ఆ విసుగుతోనే నిద్ర పడుతుంది.

సూర్యకాంతాన్ని అడిగానోసారి,
లేసులో కష్టమైన పనేంటమ్మా అని.
"దారందేముందండీ, అందరూ వాడేదే.
కన్నం ఎక్కడ వదలాలో తెలియాలి.
మూసేసుకుంటూ పోతే గుడ్డవుద్ది."

మొన్న చిట్టిరాజుగారబ్బాయొచ్చాడు, కారులో ఏసీ ఆపకుండా.
రోడ్డు వెడల్పయిందట, సెంటు రేటు నాలుగింతలట,
త్రికోణాన్ని నలభయ్యో ప్లాటులో కలిపేస్తే
మూలలు సరిపోతాయట.
"గీత కాస్త జరపండి మాస్టారూ. అక్కడేముంది, ఖాళీయే కదా."

కాగితం పరిచాను. గుండ్రాలు నాలుగూ చెరిపేశాను.
స్కేలు ప్రకారం
తూములు గీశాను, కొబ్బరిమాను గీశాను,
ఏసుపాదం చెప్పులు విడిచే చోటు,
దారపుండలు దొర్లే పల్లం,
పిల్లలు పారిపోయే దారి.
మీరాబీ కూర్చునే మూలకొచ్చేసరికి
చోటు చాలలేదు.

నలభయ్యో ప్లాటులోకి
జానెడు జరిగాను.