నీళ్లు చల్లేవాడు

దోజిమా బియ్యం బజారులో నా పనిముట్టు
ఒక కొయ్య బాల్చీ.
పెట్టెలో వేలాడే వత్తి కొసదాకా కాలి ఆరిపోతే
ఆ పూటకి బేరం ముగిసినట్టు.
ముగిసిందని అందరికీ తెలుసు, ఎవరూ కదలరు.
అప్పుడు నేను నీళ్లు కొడతాను.

ఇక్కడ అమ్మేవాడి దగ్గర గింజ లేదు,
కొనేవాడికి గింజ అక్కర్లేదు.
రాబోయే నెల బియ్యానికి ఇవాళే గొంతు చించుకుంటారు.
అరచేయి బయటికి తిప్పితే అమ్మకం, లోపలికి తిప్పితే కొనుగోలు.

రిసుకెను నేను వీపును బట్టి గుర్తుపడతాను.
ఆ వసంతమంతా అందరికంటే ముందు తడిసిన వీపు అది.
అతని కిటుకు వత్తిలో ఉంది:
అర వేలెడు మిగిలేసరికి భయస్తులు తెగనమ్ముతారు,
అతను కొంటాడు,
మర్నాడు వత్తి ముట్టించగానే వదిలించుకుంటాడు.
రోజుకు గుప్పెడు వెండి. గుప్పెడే.
పైవస్త్రం పిండుకుంటూ నాకేసి చూసి
"ఇవాళ నీళ్లు చల్లగా ఉన్నాయి, మొసుకె" అనేవాడు.
లాభం వచ్చిన రోజున మాత్రమే అనేవాడు.

ఐదో నెలలో హిగో పడవలు రాలేదు.
వాన అని ఒకరు, వరద అని ఒకరు,
ఓడ మునిగిందని మంగలి.
భయస్తులు అమ్మడం మానేసి
వత్తి చివర్లో కొనడానికి ఎగబడ్డారు.
రిసుకెది అదే అర వేలెడు, అదే చేయి.
మొదటి రోజు పోయింది. అలా జరుగుతుంటుందిలే అన్నాడు.
రెండో రోజు పోయింది. రెట్టింపు వేశాడు.
మూడో రోజు
నేను కొట్టకముందే తడిసి ఉన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు
వంతెన అవతల సోబా బండి దగ్గర కూర్చున్నాడు.
చేయి అటూ తిప్పలేదు, ఇటూ తిప్పలేదు.
పని అయిపోయిందనుకున్నాను. కాదు, లెక్కపెడుతున్నాడు:
వత్తి ఎంత కాలాక ఎవరు ముందుకొస్తున్నారు,
ఎవరి గొంతు బొంగురుపోయింది,
చికుజెన్ గిడ్డంగి గుమాస్తా అరిచాక
ఎంతమంది అదే మాట అరుస్తున్నారు.
బండి ముసలమ్మ గిన్నెలు కడుగుతూ అంది,
"ఎండల్లో కూడా వేడి పులుసే పోస్తానంటే
నా బండి ఎప్పుడో మూతపడేది, నాయనా."
అతను నవ్వలేదు.
ఇంకో గిన్నె అడిగాడు, అప్పుకే.

పదో రోజు వచ్చాడు,
మునుపు పెట్టేదాంట్లో నాలుగో వంతుతో.
వత్తి ముట్టించగానే అమ్మాడు,
సగం కాలేలోపు తిరిగి కొనేశాడు.
పోతే ఎంతవరకూ పోనివ్వాలో
పొద్దున్నే అరచేతిలో సిరాతో రాసుకొచ్చేవాడు.
అంతా పోయిందంటే, ఎదురుగా వత్తి వెలుగుతున్నా
చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు.
ఆ ఎండాకాలం నా నీళ్లు ఒక్క చుక్క అతని మీద పడలేదు.
నిజం చెప్పొద్దూ, కాస్త వెలితిగానే ఉండేది.

అయినా నాకెందుకు?
ధర ఎటు పోయినా బాల్చీ బరువు బాల్చీదే.
ధర పెరిగిన నెల్లో గిన్నె తేలికవుతుంది,
మా ఆవిడ జావలో ఇంకో చెంబు పోస్తుంది.
పగలు నేను జనం మీద కొట్టేదీ
రాత్రి మేం తాగేదీ ఒకే బావి నీళ్లు.

కొత్త పంట దిగింది.
ధర రోజంతా మొండి గాడిదలా నిలబడిపోయింది.
మూడు రోజులు వరసగా అరచేతి సిరా కడుక్కున్నాడు రిసుకె.
నాలుగో పొద్దున బావి దగ్గరికి వచ్చి
"ఎక్కడ కొట్టాలో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.
ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు.
గాలి చూస్తానన్నాను.
గుంపు ఎటు చిక్కబడిందో చూస్తానన్నాను.
"నిన్న కొట్టిన చోట ఇవాళ ఉండరు.
అక్కడ నేల జారుతుంది కదా, పక్కకి జరుగుతారు."
అతను బావిలోకి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.
నాకు ఆలస్యమైంది.

ఆ సాయంత్రం వత్తి ఆరింది. కొట్టాను.
తెర తొలిగాక చూస్తే గుంపు నడుమ రిసుకె,
ముఖం నిండా నీళ్లు,
అరచేతి సిరా కరిగి మోచేతి దాకా నల్లటి చార.
చల్లగా ఉన్నాయని అనలేదు.
ఎత్తిన చేయి ఇంకా దించలేదు.
అది లోపలికి తిరిగి ఉందో, బయటికో,
ఆ తడిలో నాకు ఆనలేదు.