విడి కుండ

ఖిలా వరంగల్ల మా మేడమీది గదికి
మే నెల రెండో వారంల వచ్చింది తిర్సా.
వీపుకు ఒక సంచి, చేతిల ఒక చిన్న పెనం.
పెనానికి గుడ్డ చుట్టి, గుడ్డకు తాడు కట్టి
పసిపిల్లను తెచ్చుకున్నట్టే తెచ్చుకున్నది.
మెట్ల బావులు చూడనీకి వచ్చిందట.

ఏ ఊరు బిడ్డా అంటే బెయేర్షెబా అన్నది.
మా అమ్మ ఎస్తేరమ్మ చెయ్యి చాటలనే ఆగింది.
"అది బైబిల్ల ఊరు గదా, దానికి బస్సులు పోతయా?"
పోతయట. ఎడారి అంచున ఊరట.
అక్కడ గూడ ఇంత ఉడుకు ఉండదట.

ఆ రాత్రి అమ్మ పొట్టేలు కూర వండింది.
ముల్లా కోసిందే, మసాలా ఇంట్ల నూరిందే.
తిర్సా వాసన చూసి కండ్లు మూసుకున్నది,
తినలేదు.
"మా కట్టుబాటు వేరే అమ్మా.
కోసెటోడు వేరే, కత్తి వేరే,
పాలు తాకిన గిన్నె మాంసాన్ని తాకొద్దు.
మీ గిన్నెలల్ల నేను తినరాదు."

మీ గిన్నెలల్ల.
అమ్మ కూసున్న కాడినుంచి లేవలేదు.
యాడికి పోయిందో నాకు ఎరుకే.
సంగెం బస్టాండు హోటల్, దడి ఎనుక
మేకుకు యాలాడే మా వాడ గిలాస.
తాగి, కడిగి, మళ్ల అదే మేకుకు తగిలియ్యాలె.
అప్పుడామెకు తొమ్మిదేండ్లు.

"మా గిన్నెలు మైలనా అడుగు" అన్నది,
ఆమె దిక్కు చూడకుంట.
నాకొచ్చిన ఇంగ్లీషుల మైలకు మాట దొరకలేదు.
మురికా అని అడిగిన.
తిర్సా చానాసేపు నా మొఖం చూసింది.
అర్థమైనంక అమ్మ పక్కన నేలమీద కూలబడ్డది.
"గిన్నెకు యాది ఉంటదంటరు మా వాళ్లు.
దాంట్ల ఏది ఉడికితే అది మర్చిపోదట.
నా తోడబుట్టిన తమ్ముని ఇంట్ల గూడ నేను తినను.
కట్టుబాటు నా నోటికి, మీ ఇంటికి గాదు."
అమ్మ ఇన్నది. నమ్మిందో లేదో చెప్పలేదు.

తెల్లారి తనే కుమ్మరి కాడికి పోయి
బేరమాడి కొత్త కుండ తెచ్చింది.
"ఇదింకా ఏదీ యాది పెట్టుకోలే"
అని ఠప్పున తిర్సా ముందట పెట్టింది.

ఆ కుండల పప్పు ఉడికింది.
తోటకూర ఆకు ఆకు ఎండకు పట్టి
పురుగు కోసం వెతికింది తిర్సా.
అమ్మ ఓ ఆకు ఎత్తి
"అద్దాలు లేకనే నాకు దొరికింది సూడు" అన్నది.
గుడ్డును గిలాసల కొట్టి నెత్తుటి చుక్క వెతికితే
"మా అత్త గూడ ఇంత సతాయించలే" అన్నది.

శుక్రారం పొద్దుగూకంగ రెండు మైనపొత్తులు ముట్టిచ్చింది.
శనారం రాత్రి చుక్కలు పొడిసేదాక స్విచ్చి ఒత్తదట,
ఒత్తమని ఎవ్వరినీ అడగదట గూడ.
ఎనిమిదింటికి కరెంటు పోయింది.
వాడంత చీకటి, మా మేడమీద రెండు దీపాలు.
పక్కింటి పిల్లలు ఆ వెలుతురుకు
అష్టాచెమ్మ పట్టుకొని ఎక్కి వచ్చిన్రు.
కరెంటు వచ్చి ఫ్యాను తనంత తాను తిరిగితే
తిర్సా పక్కున నవ్వింది.
"నేను అడగలే, సాక్ష్యం మీరే."

ఆదివారం చర్చి నుంచి వస్తూ అమ్మ ముంజలు తెచ్చింది.
గిన్నె లేదు, గంటె లేదు.
కాయనే కంచం, బొటనవేలే చెంచ.
ముగ్గురం మెట్లమీద కూసొని
మోచేతుల దాక నీళ్లు కారంగ తిన్నం.
"దీనికేమన్న కట్టుబాటు ఉన్నదా?"
నోరు నిండి మాట రాక
తిర్సా తల అడ్డం ఊపింది.

పోయేనాడు ఎనుక వచ్చేటోళ్ల కోసం
నోటుబుక్కుల రాసింది చదివి చెప్పింది.
"ఓరుగల్లు. మనోళ్ల వంటిల్లు లేదు.
ప్రార్థనకు పదిమంది దొరకరు.
కోట తూర్పు దర్వాజ కాడ ఎస్తేరమ్మను అడగండి,
ఆమె తాన ఒక కుండ ఉన్నది."

ఆ కుండ దాబా మీద బోర్లించి ఉన్నది.
మొన్న మజ్జిగ చెయ్యనీకి దించబోతే
అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.
"అది విడి కుండ, ముట్టకు."
అన్నంక తనే ఆగింది.
కుండ మీద చెయ్యి తియ్యకుండనే
ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.