ఊకలో ఐసు

నర్సాపురం ఐసు ఫ్యాక్టరీలో
పావు దిమ్మ కొని, ఊకలో పొర్లించి,
గోనెపట్టాలో చుట్టి కేరేజీకి కట్టేసరికి
టైము పదిన్నర.
అక్క పెళ్లికి చల్లటి షర్బత్తు నా పూచీ.
సైకిలు మాత్రం దైవసహాయం మేష్టారిది.

చర్చి మలుపులోనే చెయిను ఊడింది.
ఎక్కించాను. ఊడింది.
ఆ నల్లటి వేళ్లు కొత్త చొక్కాకి తుడవకూడదని
తుడిచేశాక గుర్తొచ్చింది.

మాధవాయిపాలెం రేవుకి చేరేసరికి
పంటు పది బారల దూరం పోయింది.
చెయ్యి ఊపాను. సరంగూ ఊపాడు.
వశిష్ఠ నిండా ఎండ.
నా వెనక టప్, టప్.

అవతల గట్టు ఎక్కగానే తుమ్మముల్లు.
పంచర్లు వేసే బుల్లియ్య
పెళ్లికెళ్లాడట.
మా పెళ్లికే.

ఇక నడకే. కాలవగట్టంతా బాతుల మంద.
కాసే కుర్రాడికి తొందర లేదు,
బాతులకి అసలే లేదు.
వెనక్కి తిరిగి చూస్తే దుమ్ములో సన్నటి తడిగీత.
ఏ దారిన వచ్చానో ఎవరైనా చెప్పేస్తారు,
ఎందుకొచ్చానన్నదే కరిగిపోతోంది.

పందిట్లో రెండో బంతి కూడా లేచిపోయింది.
షర్బత్తు వెచ్చవెచ్చగానే తాగేశారు.
నాన్న గోనె విప్పాడు, ఊక దులిపాడు,
దులుపుతూనే ఉన్నాడు.
కోడిగుడ్డంత మిగిలింది.

కరుణక్క దండల మధ్యనించి చెయ్యి చాపి
లటుక్కున నోట్లో వేసుకుంది.
బుగ్గ ఉబ్బింది, కళ్లు మూసుకుంది.
కరకరా నమిలి
"ఒరే, ఊకరా" అంటూ ఉమ్మి,
మళ్లీ నమిలింది.

మేష్టారు సైకిలేదని అడుగుతున్నారు.