సీల్ తెరిచారు కనుక

స్పేర్ చక్రం ఉండాల్సిన గుంటలో
ఒక సీసా, అరచేతంత పంపు.
వేల్స్ కొండదారిలో, వానలో,
పియానోలు శ్రుతి చేసే నెస్టా మూత తిప్పింది.
తెల్లటి జిగురు
టైరులోకి తప్ప అన్నిచోట్లకీ వెళ్లింది,
బూట్లలోకి, గడియారంలోకి.
పంపు కాసేపు మంద్రంలో మూలిగి
ఊరుకుంది.
గొర్రెలు తల తిప్పి చూశాయి.

కంపెనీ ఉత్తరం మర్యాదగానే ఉంది:
"సీల్ తెరిచారు కనుక వారంటీ వర్తించదు."
తెరవకపోతే
పాడైందని తెలిసేదెలా అని రాసిందామె.
జవాబుగా అదే ఉత్తరం, తేదీ మారి.

ఇప్పుడు వెనక సీట్లో
పాతసామాన్ల కొట్లో కొన్న చక్రం
బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది.
బయల్దేరే ముందు
దాన్ని వేలితో తట్టి
చెవి ఒగ్గి వింటుంది నెస్టా.