తూకం చీటీలు

వేలంశాలలో తూకం నా పని.
ఈ రేవులో ఎవరి చేతి బరువు ఎంతో
ముప్పైరెండేళ్ళుగా
వాళ్ళింట్లో వాళ్ళకన్నా నాకే బాగా తెలుసు.

పెర్సేబేలు తెస్తారు ఇక్కడికి.
అల విరిగే చోటే మొలిచే నల్లటి గుల్లలు,
ఏ రాక్షసుడి కాలిగోళ్ళో అన్నట్టుంటాయి,
చావనైనా చస్తాయి కానీ రాయిని విడవవు.
ఓడలు మునిగాయని ఈ తీరానికి మృత్యుతీరమని పేరు.
మునిగినవి ఓడలు మాత్రమే కావు.

ఫ్రొయిలాన్, ఉషియో.
మొదటివాడు నోరు తెరిస్తే తిట్టు.
రెండోవాడు తిట్టుకి బదులు నవ్వుతాడు,
అది తిట్టుకన్నా ఎక్కువ మండిస్తుంది.
పచ్చగడ్డి దాకా ఎందుకు,
వానలో నానిన గడ్డి వేసినా భగ్గుమనేది.

విధవరాలి రాయి మీద ఉత్తరపు పగులు
మా నాన్నదని ఒకడు,
సముద్రానిదని ఇంకొకడు.
అనుమతికి మించి మూడు వందల గ్రాములు కోశాడని
ఉషియో వెళ్ళి కాపలావాళ్ళకి చెప్పాడు.
తెల్లారేసరికి ఉషియో వ్యాను
నాలుగు చక్రాల్లోనూ గాలి లేకుండా
నేల కరుచుకుని ఉంది.

నాకో అలవాటుంది, చీటీలు పారెయ్యను.
ఇంకో సంగతి కూడా పారెయ్యలేదు:
చీటీ అందుకోగానే ఇద్దరూ అడిగే మాట ఒకటే.
"వాడెంత?"
పేరు పలికితే నాలుక కాలుతుందేమో.
నాలుగేళ్ళు, పోటు తగ్గిన ప్రతిరోజూ,
"వాడెంత?"

ఒకనాడు ఉషియోకి జ్వరం, రాలేదు.
ఫ్రొయిలాన్ ఐదు కిలోలు తెచ్చి పెట్టాడు.
చీటీ తీసుకున్నాడు.
నిలబడ్డాడు.
అడగడానికి ఎవరూ లేక
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, వెళ్ళిపోయాడు.
అప్పుడే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ ఫిబ్రవరి సంగతి.
నేను చూడలేదు. ఇద్దరూ చెప్పారు,
ఇద్దరి కథలూ కలవవు.
పైన తాడు పట్టే తమ్ముడు రాకపోయినా
ఉషియో ఒంటరిగా దిగాడు.
తాడు ఒక కొసని రాతికి కట్టాడు, అంతే.
కట్టు జారింది.

"వాడు పోతే ఆ పగులు నాదే కదా,
చూద్దామని నిలబడ్డాను" అంటాడు ఫ్రొయిలాన్.
"నిలబడలేదు, పరిగెత్తాడు,
ఒక బూటు సముద్రం తీసుకుపోయింది" అంటాడు ఉషియో.
నడుముకి తాడు చుట్టుకుని
రాతికి వీపు ఆనించి
గుంజుకో బూతు చొప్పున లాగాడట.
మనిషి పైకొచ్చి, దగ్గి, ఉప్పునీళ్ళు కక్కి,
ఊపిరి నిలదొక్కుకున్నాక కూడా
తాడు వదల్లేదట.
ఈ ఒక్కచోట మాత్రం ఇద్దరి కథా కలుస్తుంది.

తర్వాత ఏమైందని రొట్టెల కొట్టు ఎర్మిటాస్
నన్ను గుచ్చిగుచ్చి అడుగుతుంది.
గుట్టు నాకేం తెలుసు, నాకు తెలిసింది బరువు.
తాడు ఒరిపిడికి ఫ్రొయిలాన్ అరచేతుల తోలు లేచిపోయింది.
మూడు వారాలు అరకొరగా గీకి
సగం సంచీతో వచ్చేవాడు.
నేను అటు తిరిగాననుకుని ఉషియో
తన సంచీలోంచి గుప్పిళ్ళు తీసి
అతని దాంట్లో వేసేవాడు.
తూకం మనిషి ఎటూ తిరగదు, బాబూ.
రోజుకి మూడు వందల గ్రాములు.
ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పోట్లాట మానారనుకునేరు.
మే నెల రాత్రుళ్ళు కూడా కేకలు వినిపిస్తున్నాయి,
కాకపోతే ఒకే వంటింట్లోంచి.
గుల్లలు ఉడకాల్సింది సముద్రపు నీళ్ళలోనా
ఉప్పేసిన మంచినీళ్ళలోనా అని.
పన్నెండింటికి దీపం ఆరుతుంది.
వాదం ఆరిందో లేదో
నాకక్కర్లేదు.

ఈ పొద్దున ఒకే సంచీ తెచ్చారు.
తొమ్మిది కిలోల ఆరు వందలు.
"ఎవరి పేరు రాయను?" అన్నాను.
"వాడిది" అన్నారిద్దరూ, ఒకేసారి.
"నీదన్నానుగా."
"నువ్వెవరివి చెప్పడానికి?"
మళ్ళీ మొదలు.

మంచు కరిగిపోతోందని
వెనక వరుసలో వాళ్ళు సణుగుతున్నారు.
చీటీ మీద తేదీ వేశాను, బరువు వేశాను.
కలం మూత తీసే ఉంచి
కూర్చున్నాను.