సింగిల్ కాలమ్

మిర్యాలగూడ రైసుమిల్లుల రోడ్డు మీద
పొద్దుగాల ఆరింటికే ఊక బూడిద.
స్కూటీ సీటు తుడిస్తే చెయ్యి నల్లగైతది.
పదకొండేండ్లయింది, డిక్కీల రెండు నోట్‌బుక్‌లు:
ఒకటి తెలుగు పేపర్‌ది, లైన్ లెక్కన పైసలు.
ఒకటి పాట్నా హిందీ వారపత్రికది,
పైసలు వచ్చినప్పుడు వచ్చినట్టు.

హిందీ నేను బడిల నేర్వలే.
పుణెల లేచే బిల్డింగుల కింద
కంకర కుప్ప మీద నేర్చిన.
అమ్మ తట్ట మోసేది, నాయిన సెంట్రింగ్ కొట్టేటోడు.
ఎవరు వీళ్లని అడిగితే మేస్త్రీ
అందరికీ కలిపి ఒక్కటే పేరు చెప్పేటోడు:
పాలమూరోళ్లు.

మొన్న బుధారం రాత్రి
మిల్లుల బస్తాల నెట్టు కూలింది.
డెస్క్ నుంచి ఫోన్:
"ఎంతమంది?"
"ఒక్కడు."
"లోకలా?"
"కాదు, కటిహార్ దిక్కు."
"అయితే సింగిల్ కాలమ్. నాలుగు లైన్లు చాలు."

గుమస్తా రిజిస్టర్ల వాని పేరు 'చోటూ-3'.
ఆస్పత్రి సైకిల్ స్టాండ్ కాడ
తొమ్మిది మంది గొంతుకూర్చున్నరు.
అసలు పేరేందని అడిగిన.
మళ్ల అడిగిన. మూడోసారి అక్షరం అక్షరం.
బుధన్ ఋషిదేవ్.
"బుధ్ కే దిన్ పైదా హువా థా," అన్నడు పెదనాయిన కొడుకు.
ఆ ఒక్క మాటకు
తర్జుమా అక్కర పడలే.

అమ్మ ట్రంకుపెట్టెల
మరాఠీ పేపర్ తుంట ఒకటి ఉండేది,
మూడు వేళ్ల పొడుగు.
చదవరాకున్నా
నాయిన పేరున్నదని
పసుపు గుడ్డల కట్టి దాసింది.
తొమ్మిదో తరగతిల కూడబలుక్కుని చదివిన:
లిఫ్టు గుంతల పడి కూలి మృతి.
వయసు సుమారు ముప్పై.
అంతే.
"ఏం రాసిండ్రు బిడ్డా?"
"నర్వ ఆశన్న అని రాసిండ్రమ్మా.
మంచి పనిమంతుడు అని రాసిండ్రు."
నేను చేసిన మొదటి తర్జుమా అది.

రాత్రి పదింటికి నాలుగు లైన్లు పంపిన,
పేరుకూ ఊరుకూ ఒకటిన్నర లైను పోయింది.
తెల్లారి పేపర్ల
బుద్ధన్న అని పడ్డది.
అచ్చుతప్పనుకొని
సబ్ ఎడిటర్ దిద్దిండట.

సైకిల్ స్టాండ్ కాడ ఆ తొమ్మిది మంది
పేపర్‌ను తలకిందులుగ పట్టుకొని చూస్తున్నరు.
"క్యా లిఖా హై, దీదీ?"

నా నోట్ల పాత అబద్ధం
తయారుగనే ఉండె.

మింగిన.
ఉన్నదున్నట్టు చదివిన, బుద్ధన్న తోటి సహా.
ఒక పిల్లగాడు ఫక్కున నవ్వి,
చప్పున నోరు మూసుకున్నడు.

వార్త కత్తిరించి
అంచు మీద బాల్‌పెన్నుతోని హిందీల
పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు,
పుట్టిన వారం రాసి ఇచ్చిన.
అది లైన్ లెక్కల రాదు.